‘ఉడకబెట్టీసి పెట్టీ, ఏటీ కాదు’: గొడ్డుకూ గుర్రానికీ బార్లీ పెట్టేవాళ్లు వినకూడని సలహాలు

నెల్లిమర్ల చుట్టుపక్కల ఏ గట్టు మీద నిలబడి చూసినా వరి, మొక్కజొన్న, నువ్వు, గోగు కనిపిస్తాయి గానీ బార్లీ కనిపించదు. అది చలి పంట. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, హర్యానా, మధ్యప్రదేశ్ పొలాల్లో శీతాకాలంలో పెరుగుతుంది. మన ఊళ్లలో బార్లీ అంటే ఇన్నాళ్లూ కిరాణా కొట్లో దొరికే పాకెట్టు, ఒంట్లో బాగాలేనివాళ్లకు కాచే జావ. ఇప్పుడు అదే గింజ పశువుల శాలలోకి కూడా దారి చేసుకుంది. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం బంటుపల్లిలో బీరు కర్మాగారం ఉంది. బీరు తయారయ్యే చోటల్లా బార్లీ పిప్పి మిగులుతుంది, దానికి పాడి రైతులే గిరాకీ. ట్రేలలో మొలకెత్తించిన బార్లీ గడ్డి గురించి ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పేవాళ్లకూ, పాడేరు కొండల్లో సంతకు బరువులు మోయించడానికి పొట్టి గుర్రాలు పెంచుకునేవాళ్లకూ ‘బార్లీ పెట్టు, నిగనిగలాడుతుంది’ అని చెప్పే మనిషి ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉన్నాడు.

గింజ వెంట సలహాలు కూడా వచ్చాయి. వాటిలో సగం పశువు ప్రాణం తీసేవి. చెప్పేవాళ్లు చెడ్డవాళ్లు కారు, పశువు బాగుండాలనే చెబుతారు. మనిషి కడుపుకు సరిపడే లెక్కను ఆవుకు, ఆవుకు సరిపడే లెక్కను గుర్రానికి వేసేస్తారు, అంతే. ఆ సలహాలన్నీ ఒకచోట పెట్టి, ఏది ఎందుకు తప్పో చెప్పాలని ఇది రాస్తున్నాను. శాలలో గొడ్డు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక్కరైనా దీన్ని చదవాలని నా కోరిక.

ముందు రెండు కడుపుల సంగతి తెలియాలి. ఆవు, గేదె, మేక, గొర్రె తిన్నది మొదట పెద్ద పొట్టలో పులుస్తుంది, ఆ తర్వాత అరుగుతుంది. గుర్రం, గాడిద తిన్నది మొదట చిన్నపేగులో అరుగుతుంది, అక్కడ అరగకుండా మిగిలింది వెనక పెద్దపేగులోకి పోయి పులుస్తుంది. బార్లీ గింజలో సగానికి పైగా పిండిపదార్థమే. ఆ పిండి ఎక్కడ పులుస్తుంది, ఎంత వేగంగా పులుస్తుంది అన్నదాని మీదే పశువు ఆరోగ్యం నిలబడి ఉంటుంది. పచ్చి బార్లీ పిండి గుర్రం చిన్నపేగులో ఐదో వంతు చుట్టుపక్కల మాత్రమే అరుగుతుంది. ఓట్స్ పిండి ఐదింట నాలుగు వంతులు అరిగిపోతుంది. అదే బార్లీని వేడి మీద పేల్చినా, ఆవిరి పట్టి అటుకుల్లా నొక్కినా చిన్నపేగులో అరిగే భాగం బాగా పెరుగుతుంది, వెనక్కి పోయి పులిసేది తగ్గుతుంది. అంటే వేడి చేయడం గుర్రానికి రక్షణ. ఆవుకు సరిగ్గా తలకిందులు. ఉడికినా, మెత్తగా నలిగినా పిండి పెద్ద పొట్టలో ఇంకా వేగంగా పులుస్తుంది, ముప్పు ఇంకా ముందుకు వస్తుంది. ఒకే గింజకు ఒకే పని చేస్తే ఒక జంతువుకు మేలు, రెండో దానికి కీడు. కింద చెప్పబోయే తప్పుడు సలహాల్లో చాలావాటి మూలం ఇక్కడే ఉంది.

‘ఉడకబెట్టీసి పెట్టీ మావా, ఏటీ కాదు.’

అన్నిటికంటే ఎక్కువగా వినిపించేదీ, అన్నిటికంటే ఎక్కువ గొడ్లను పడేసేదీ ఈ మాటే. ఉడికింది కదా, మెత్తగా ఉంది కదా, తేలిగ్గా అరుగుతుందని మనకు అనిపిస్తుంది. ఆవు పెద్ద పొట్టలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు గడ్డిని నెమ్మదిగా పులియబెడుతూ బతుకుతాయి. అక్కడి పిహెచ్ 6కూ 7కూ మధ్య ఉన్నంతసేపు అవీ బాగుంటాయి, ఆవూ బాగుంటుంది. ఉడికిన బార్లీ గానీ, అన్నం గానీ, జావ గానీ ఒక్కసారిగా పొట్టలో పడితే పిండిని తినే సూక్ష్మజీవులు గంటల్లో విపరీతంగా పెరిగి లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి. పిహెచ్ 5కి దిగిపోతుంది, ఇంకా కిందికి కూడా పోతుంది. గడ్డిని పులియబెట్టేవి చచ్చిపోతాయి. పొట్ట లోపలి గోడ దెబ్బతింటుంది. ఒంట్లో నీరు పొట్టలోకి లాగేసుకుపోతుంది. అందుకే అలాంటి గొడ్డు పక్కను అరచేత్తో నెట్టి చూస్తే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వస్తుంది, కళ్లు మాత్రం లోతుకు పోయి ఉంటాయి. నెమరు ఆగుతుంది. పుల్లటి వాసనతో పల్చగా పారుతుంది. తాగినట్టు తూలుతుంది, ఆ తర్వాత కూలబడిపోతుంది. బాగా ఎక్కువ తిన్నదైతే ఒకటి రెండు రోజుల్లోనే పోవచ్చు. బతికి బయటపడినా కొన్ని వారాల తర్వాత గిట్టలు చెడి కుంటుతుంది, కాలేయంలో చీము గడ్డలు కడతాయి.

దీనికి బార్లీయే అక్కర్లేదని మన ఊళ్లకు బాగా తెలుసు. పెళ్లి పందిరి దగ్గర మిగిలిన అన్నం బకెట్లతో తెచ్చి పాడి ఆవుకు పోసిన ఇళ్లలోనూ, కనుమ నాడు ముద్దుగా పొంగలి ఎక్కువ పెట్టిన ఇళ్లలోనూ మర్నాడు ఇదే జరుగుతుంది. రామతీర్థం లాంటి క్షేత్రాల్లో వచ్చిన ప్రతి భక్తుడూ ఆవు నోటికి తలా కాస్త ప్రసాదం అందిస్తాడు. ఇచ్చేవాడికి అది పిడికెడు, తినే ఆవుకు సాయంత్రానికి బుట్టెడు. బార్లీ పిండి మొక్కజొన్న పిండి కంటే, జొన్న పిండి కంటే వేగంగా పులుస్తుంది. కాబట్టి అన్నం విషయంలో ఉండాల్సిన భయం బార్లీ విషయంలోనూ ఉండాలి.

ఇలా అయిన గొడ్డుకు మళ్లీ ఇంకో సలహా చెబుతారు: వెదురు గొట్టంతో నూనె పట్టించమనీ, మజ్జిగ పొయ్యమనీ. నీరసపడి తూలుతున్న గొడ్డు మింగలేదు. తల ఎత్తి పట్టి గొట్టంతో పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పొట్ట జబ్బుకు న్యుమోనియా తోడవుతుంది. మజ్జిగ అసలే పులుపు, పులుపుతో చచ్చిపోతున్న పొట్టకు ఇంకా పులుపు ఎందుకు? గింజ, కుడితి వెంటనే ఆపెయ్యండి, ఎండుగడ్డి అందుబాటులో పెట్టండి, పశువుల డాక్టరును పిలవండి. తినే సోడా ఎంత ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి, సెలైన్ ఎక్కించాలా, పొట్ట కోసి తీయాలా అన్నది చూసి చెప్పాల్సింది ఆయనే.

‘మెత్తగా పిండి ఆడించు, బాగా ఒంటికి పడుతుంది’ అనేది దీనికి తోబుట్టువు. ఆవుకు, గేదెకు బార్లీని గింజ గింజగా పెడితే చాలా భాగం పేడలో అలాగే కనిపిస్తుంది, అది నిజం. అలాగని గోధుమ పిండిలా ఆడించకూడదు. పైపొట్టు పగిలి, గింజ రెండు మూడు ముక్కలైతే చాలు. పిండిమిల్లు అతనికి ‘రవ్వ కంటే పెద్దగా ఉండాలి’ అని చెప్పి పట్టించుకోండి. మేకకూ గొర్రెకూ ఆ ఖర్చు కూడా దండగ. అవి గింజను బాగా నములుతాయి, వాటికి గింజ గింజగానే పెట్టవచ్చు. గుర్రానికి వేడి మీద పేల్చినదో, ఆవిరి పట్టి నొక్కినదో కావాలి. పగలగొట్టిన గింజ మన సముద్రపు గాలికి త్వరగా ముక్కిపోతుంది, వారం రెండు వారాలకు సరిపడా మాత్రమే ఆడించుకోవడం మంచిది.

‘తవుడు రోజుకి తవ్వ పెడతన్నావు కదా, ఆ తవ్వే బార్లీ పెట్టీ.’ ఈ సలహాలోని మోసం కంటికి కనిపించదు. మనకు కుంచం, అడ్డ, తవ్వ, సోల అలవాటు. దాణా ఇంకా చాలా ఇళ్లలో కొలతతోనే పోతుంది. తవుడు తేలిక, లీటరు డబ్బాలో దాదాపు 300 గ్రాములే పడుతుంది. అదే డబ్బాలో బార్లీ 600 గ్రాములు దాటుతుంది. పైగా ఆ 600లో పిండి కూడా చాలా ఎక్కువ. కొలత మార్చకుండా గింజ మార్చితే పశువుకు ఒక్క పూటలో రెట్టింపు దాణా పెట్టినట్టవుతుంది. గుర్రాల వాళ్లలోనూ ఇదే పొరపాటు, ఓట్స్ కొలిచిన డబ్బాతో బార్లీ కొలుస్తారు. దాణాను తూకం వేసి పెట్టండి. చిన్న వేలాడే త్రాసు ఏ సంతలోనైనా దొరుకుతుంది. ఒక్కసారి తూచి, డబ్బా మీద గీత గీసుకుంటే ఆ తర్వాత ఎవరు పెట్టినా తప్పు పోదు.

పశువు బరువు కూడా తెలిసి ఉండాలి, దాణా లెక్కంతా దాని మీదే. టేపు తీసుకుని ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం ముందు ఎముక నుంచి పిర్ర చివర ఎముక దాకా పొడవు అంగుళాల్లో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే ఆవు బరువు సుమారుగా కిలోల్లో వస్తుంది. ఛాతీ 60, పొడవు 50 అంగుళాలున్న ఆవు దాదాపు 270 కిలోలు తూగుతుంది. గుర్రానికైతే 660 బదులు 727తో భాగించాలి.

ఇక గుర్రాల దగ్గరకు వద్దాం. ‘అరబ్బు గుర్రాలు బార్లీ తినే అంత బలంగా ఉంటాయి, మనదానికీ పెట్టు.’ బార్లీ గుర్రాల దాణా అన్నది నిజమే. హోమర్ ఇలియడ్‌లోనే రథాల గుర్రాలు తెల్ల బార్లీ తింటాయి. అరేబియాలో, ఉత్తర ఆఫ్రికాలో, స్పెయిన్‌లో తరతరాలుగా అదే పెట్టారు. అక్కడ బార్లీ వాళ్ల సొంత పంట, చేతికందిన గింజ. మన దేశపు దక్షిణ భాగంలో ఆ స్థానం ఉలవలది. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో గుర్రపు దళాలకు ఉడికించిన ఉలవలే దాణా. విజయనగరం వీధుల్లో జట్కాలు తిరిగిన కాలంలో కూడా గుర్రం మెడలో వేలాడిన సంచిలో ఉన్నది మన చుట్టుపక్కల పండినదే. ఉలవలకు అలవాటు పడిన గుర్రం ముందు ఒక్క రోజులో బార్లీ పోస్తే దాని పెద్దపేగులోని సూక్ష్మజీవులకు అది పూర్తిగా కొత్త తిండి.

మన పొట్టి గుర్రాలు 200 కిలోల చుట్టుపక్కల ఉంటాయి. ఒక పూట దాణాలో కిలో బరువుకు 1 గ్రాము పిండిపదార్థం మించకుండా చూడటం క్షేమం. 200 కిలోల గుర్రానికి పూటకు 200 గ్రాముల పిండి అన్నమాట. బార్లీలో సగానికి పైగా పిండే కాబట్టి పూటకు 400 గ్రాముల లోపే ఉండాలి, అది కూడా వేడి మీద పేల్చిందో ఆవిరి పట్టి నొక్కిందో అయితే. దానికి తోడు రోజుకు కనీసం 3 కిలోల ఎండు మేత దాని ముందు ఉండాలి. దాణాకు ముందు గడ్డి తినాలి, దాణా తర్వాత కాదు. ‘పొద్దున్న ఒక్కపూట గట్టిగా పెడితే రాత్రి ఊరేగింపు దాకా నిలబడుతుంది’ అని చెప్పేవాళ్లు గుర్రాన్ని చావుకు దగ్గర చేస్తున్నారు. అరగని పిండి పెద్దపేగులో పులిసి గుర్రానికి కడుపునొప్పి తెస్తుంది. గుర్రం వాంతి చేసుకోలేదు, తిన్నది బయటికి పంపే దారి దానికి లేదు. అదే పులుపు గిట్టల లోపల వాపు తెస్తుంది. అప్పుడు గుర్రం ముందు కాళ్లు ముందుకు చాచి, బరువు వెనక కాళ్ల మీద వేసుకుని, అడుగు వెయ్యనంటుంది. ఆ నొప్పి ముదిరితే గిట్టలోని ఎముకే కిందికి తిరిగిపోతుంది. ‘మొండికేసింది, కొట్టు’ అనే మాట అప్పుడు వినిపిస్తుంది. ఆ మాట విన్నవాళ్లు దయచేసి చెయ్యి ఎత్తకండి. గిట్ట పట్టి చూడండి, వేడిగా ఉంటుంది.

ముహూర్తాలు లేని రోజుల సంగతి ఇంకొకటి. ఆషాఢంలో, మూఢంలో గుర్రానికి పని ఉండదు. శాలలో కట్టేసి ఉంటుంది, దాణా మాత్రం పెళ్లిళ్ల రోజుల్లో పెట్టినంతే పెడతారు, ‘పాపం తిననీ’ అని. మళ్లీ మొదటి ముహూర్తం నాడు బయటికి తీసి నాలుగు వీధులు నడిపించేసరికి తొడ కండరాలు రాయిలా బిగుసుకుపోతాయి, చెమటలు పోస్తాయి, మూత్రం కాఫీ రంగులో వస్తుంది. ఐరోపాలో వారాంతం సెలవు తర్వాత బండి గుర్రాలకు ఇలా అయ్యేది, అందుకే దానికి సోమవారం జబ్బు అని పేరు పెట్టారు. పని లేని రోజు గింజ సగానికి తగ్గించాలి, గడ్డి పెంచాలి, కాసేపు నడిపించాలి. దయ చూపించాల్సింది గడ్డితో.

పాడి రైతులకు సంబంధించి అన్నిటికంటే పెద్ద విషయం బీరు పిప్పి. దీని మీద సలహాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. కొందరు అది తిన్న ఆవుకు మత్తెక్కుతుందని, ఆ పాలు పిల్లలకు పనికిరావని భయపెడతారు. ఇంకొందరు అందులో బీరు ఉంటుంది కాబట్టే పాలు పెరుగుతాయని ఊరిస్తారు. రెండూ తప్పే. బీరు చేసేటప్పుడు మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని నలగ్గొట్టి వేడినీళ్లలో నానబెడతారు. పిండి తీపి నీరుగా మారుతుంది. ఆ నీటిని వడగట్టి తీసుకుంటే మిగిలింది పిప్పి. ఈస్టు కలిపి పులియబెట్టేది ఆ తర్వాత, అదీ నీటిని మాత్రమే. కాబట్టి తాజా పిప్పిలో మద్యం ఉండదు. పిండి కూడా చాలావరకు పోయి ఉంటుంది. మిగిలేది పొట్టు, మాంసకృత్తులు. ఎండు లెక్కలో దాదాపు నాలుగో వంతు మాంసకృత్తులే. పాలు పెరిగితే దాని వల్లే పెరుగుతాయి. వేరుశెనగ చెక్క, నువ్వుల చెక్క ధర చూస్తే పిప్పి మీద రైతుకు ఆశ కలగడం న్యాయమే, దాన్ని పూర్తిగా వద్దనేవాళ్లతో నేను ఏకీభవించను.

వద్దనాల్సింది పులిసిన ఈస్టు మడ్డిని. అది వేరు. పులియబెట్టిన తొట్టి అడుగున మిగిలే ఆ పల్చటి మడ్డిలో మద్యం ఉంటుంది, బతికున్న ఈస్టు ఉంటుంది. పిప్పితో పాటు చవగ్గా దొరుకుతోందని దాన్ని కుడితిలో పోస్తే పొట్టలోనే పొంగుతుంది, గొడ్డు తూలిపోతుంది. కాచి చల్లార్చనిది పశువు దగ్గరకు రానివ్వకండి.

‘పిప్పి ఎంత పెడితే అంత పాలు’ అనేది తర్వాతి సలహా. 100 లీటర్ల బీరుకు దాదాపు 20 కిలోల తడి పిప్పి మిగులుతుంది. అందులో 75 నుంచి 80 శాతం నీళ్లే. 100 కిలోలు కొని తెచ్చుకున్నామంటే 20 లేక 25 కిలోల మేత, మిగతాది నీళ్ల బరువు, ఆటో కిరాయి. ధర కట్టేటప్పుడు ఈ లెక్క వెయ్యండి. పెట్టేటప్పుడు ఇంకో లెక్క: ఆవు రోజంతా తినే ఎండు మేతలో పిప్పి ఐదో వంతు దాటకూడదు. ఇందాకటి 270 కిలోల ఆవు రోజుకు 7 కిలోల దాకా ఎండు లెక్కన తింటుంది. దాంట్లో ఐదో వంతు 1.4 కిలోలు, తడి పిప్పిలో చెబితే 6 కిలోలు. 400 కిలోల సంకరజాతి ఆవుకు 10 కిలోల దాకా పెట్టవచ్చు. అంతకుమించి పెడితే వరిగడ్డి మీద ధ్యాస పోతుంది, నెమరు తగ్గుతుంది, పాల కేంద్రంలో వెన్న శాతం పడిపోతుంది. మన వైపు పాలకు డబ్బు వచ్చేది వెన్న చూసే. లీటరు ఎక్కువ పోసి వెన్నలో పోగొట్టుకుంటే మిగిలేదేమిటి? ఇంకొక సంగతి, బార్లీలోనూ పిప్పిలోనూ భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ. పిప్పి పెట్టే ఆవుకు రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం తప్పనిసరి. ఈనబోయే ఆవు విషయంలో, ఈనిన కొత్తలో ఇది మరీ ముఖ్యం.

‘పుల్లటి వాసన వస్తే మంచిదే, రుచి పెరుగుతుంది’ అని డ్రమ్ములో వారం రోజులు ఉంచి పెట్టేవాళ్లున్నారు. మన ఎండకు, మన గాలిలోని చెమ్మకు తడి పిప్పి రెండు మూడు రోజుల్లో చెడిపోతుంది. దాని మీద కట్టే బూజుల్లో కొన్ని విషాన్ని తయారుచేస్తాయి. అఫ్లటాక్సిన్ ఆవు కాలేయాన్ని దెబ్బతీసి పాలలోకి కూడా దిగుతుంది, పాలు కాచినా పోదు. ఇంకొక బూజు విషం నరాలకు పడుతుంది. బీరు పిప్పి, మొలక బార్లీ తిన్న మందల్లో వణుకుతో, వెనక కాళ్లు తడబడుతూ పశువులు కూలిపోయిన సంఘటనలు వేరే దేశాల్లో నమోదయ్యాయి. ‘పైన తీసేసి కింద పెట్టు’ అనకండి, బూజు వేళ్లు కంటికి కనిపించేదానికంటే లోతుకు పోతాయి. బూజు కట్టిన పిప్పి పేడగుంతకు పోవాలి. తడి పిప్పి గుర్రానికి అసలు వద్దు.

నిల్వ చేయాలంటే పద్ధతి ఉంది. వచ్చిన రోజే, తాజాగా ఉండగానే, ముక్కలు చేసిన వరిగడ్డి కలిపి, గట్టి ప్లాస్టిక్ పరిచిన గుంతలోనో పెద్ద డ్రమ్ములోనో గాలి లేకుండా అదిమి తొక్కి, పైన ప్లాస్టిక్ కప్పి బరువులు పెట్టాలి. మూడు వారాల తర్వాత తెరవవచ్చు. తెరిచాక రోజూ ఒక పొర చొప్పున తియ్యాలి. ఒక్కడికి రెండు ఆవులుంటే గుంత దండగ, నలుగురు కలిసి ఒక లోడు తెప్పించుకుని ఆ రోజే పంచుకోవడం మేలు. గింజ దాణా నిల్వకు ఇంకొక మాట. నెల్లిమర్ల జ్యూట్ మిల్లున్న ఊరు కాబట్టి మన ఇళ్లలో గోనె సంచులకు కొదవ లేదు. గోనె గాలి ఆడనిస్తుంది, చెమ్మను కూడా పీల్చుకుంటుంది. నేల మీద, గోడకు ఆనించి పెట్టిన బస్తా అడుగు భాగం వానాకాలంలో బూజు పడుతుంది. చెక్క బల్ల మీద, గోడకు జానెడు దూరంగా పెట్టండి.

‘కిలో గింజ చల్లితే వారంలో ఏడు కిలోల పచ్చగడ్డి.’ ట్రేల బార్లీ అమ్మేవాళ్ల మాట ఇది. కొలిచి చూస్తే ఏడు కిలోలు నిజంగానే వస్తుంది. అందులో ఎండు మేత 12 శాతం వేసుకున్నా 840 గ్రాములే. కిలో గింజలో ఉన్నది అంతకంటే ఎక్కువ. మొలక తన పెరుగుదలకు గింజలోని శక్తిని ఖర్చు చేసుకుంటుంది, పెరిగిన బరువంతా మనం పోసిన నీళ్లదే. పచ్చిక అసలు దొరకని ఎడారి ఊళ్లలో, ఒకటి రెండు దూడలకు విటమిన్ల కోసం అయితే సరే. చంపావతి ఏటి ఒడ్డున నాలుగు సెంట్ల భూమి ఉన్నవాడు సూపర్ నేపియర్ కర్ర గుచ్చుకుంటే అంతకంటే ఎన్నో రెట్ల మేత వస్తుంది. ట్రేలు, షెడ్డు, నీటి మోటారు మీద పెట్టే డబ్బు దాని మీద పెట్టండి. పందెపు గుర్రాల వాళ్లకు ఇంకో హెచ్చరిక. మొలకెత్తిన బార్లీలో హోర్డెనిన్ అనే పదార్థం ఉంటుంది. అది పందేల్లో నిషిద్ధం, పరీక్షలో బయటపడుతుంది.

కోడిపిల్లలకు బార్లీ నూక ఎక్కువ పెడితే రెట్ట జిగురుగా మారి లిట్టర్ తడిసిపోతుంది. వాటికి మొక్కజొన్న, నూకలు చాలు.

చివరగా మేకపోతుల గురించి. ‘మూత్రం బిగుసుకుపోయింది, బార్లీ నీళ్లు పట్టించు, చలువ చేస్తుంది.’ మనుషులకు మూత్రంలో మంట వస్తే బార్లీ నీళ్లు ఇవ్వడం మనకు అలవాటు, అదే వరసలో ఇది పుట్టింది. మేకపోతుకూ పొట్టేలుకూ మూత్రం ఆగడానికి ముఖ్య కారణం గింజ దాణాయే. గింజలో భాస్వరం ఎక్కువై, సున్నం తక్కువై, మూత్రంలో ఇసుక రాళ్లు కడతాయి. మగ మేక మూత్రనాళం సన్నగా, మెలికలు తిరిగి ఉంటుంది, రాయి అక్కడ ఇరుక్కుంటుంది. చిన్నప్పుడే విత్తులు కొట్టించిన వాటికి నాళం ఇంకా సన్నం. పండగకు అమ్ముదామని గింజ మేపుతున్న పోతు తోక ఆడిస్తూ, వీపు వంచి ముక్కుతూ, చుక్క చుక్కగా పోస్తూ కనిపిస్తే కుండెడు బార్లీ నీళ్లు పట్టించినా ప్రయోజనం లేదు. దారి మూసుకుపోయిన చోటికి ఇంకా నీళ్లు పంపితే మూత్రకోశం పగిలిపోతుంది. ఆ రోజే డాక్టరు చూడాలి. రాకుండా చూసుకోవాలంటే గింజ తగ్గించండి, ఆకు, గడ్డి పెంచండి, నీళ్లు ఎప్పుడూ ముందుంచండి, కాస్త ఉప్పు నాకనివ్వండి.

ఇంతా విన్నాక కూడా బార్లీ పెట్టదలిస్తే పెట్టండి. మొదటి రోజు పిడికెడుతో మొదలుపెట్టి, పూర్తి మోతాదుకు చేరడానికి 14 రోజులు తీసుకోండి. పొట్టలోని సూక్ష్మజీవులు మారడానికి అంత గడువు కావాలి. మధ్యలో పేడ పల్చబడితే, నెమరు తగ్గితే, వెన్న పడిపోతే ఒక అడుగు వెనక్కి వెయ్యండి. కిరాణా కొట్టులోని పొట్టు తీసిన పాలిష్ బార్లీ కొని గొడ్డుకు పెట్టమనేవాళ్ల మాట అసలే వినకండి. మనిషి ధర పెట్టి కొని, పొట్టు లేని ఉత్త పిండి పశువుకు పోసినట్టవుతుంది. మన చోళ్లు, గంట్లు, పగిలిన మొక్కజొన్న, తవుడు, చిట్టు, ఉలవలు, చెక్క చాలు, అవి బార్లీకి తీసిపోయేవి కావు. అనుమానం ఉంటే అడగడానికి ఊరి పశువుల ఆసుపత్రి ఉంది, మన జిల్లాలోనే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది.

ఒకవేళ రాత్రి తాడు తెంచుకున్న ఆవు దాణా బస్తాలో మూతి పెట్టి తిన్నదని తెలిస్తే తెల్లారేదాకా చూద్దామని పడుకోకండి. పొట్టలో పులుపు తెల్లారేదాకా ఆగదు. ఎంత తిన్నదో, ఏ గింజ తిన్నదో, ఎన్ని గంటలైందో చూసి పెట్టుకుని మీ డాక్టరుకు ఫోను చెయ్యండి. ఆయన దొరక్కపోతే సంచార పశువైద్య వాహనం కోసం 1962కు చెయ్యండి, ఆ ఫోనుకు డబ్బు పడదు.